కుళాయి దగ్గర మొదలుపెట్టండి: ఆసుపత్రిలో చిన్న గాయాల విభాగం గీసుకునే తీరు

గోదావరి జిల్లాల్లో ఒక ఏరియా ఆసుపత్రి కాజువాలిటీలో, అంటే అత్యవసర విభాగంలో, స్టాఫ్ నర్సుగా చేరి, అక్కడే హెడ్ నర్సునయ్యాను. ఆ ఇరవై ఆరేళ్ళలో నేను కట్టిన కట్లలో ఎక్కువ భాగం ప్రాణం మీదికి వచ్చినవి కావు. కొడవలికి తెగిన వేలు, సైలెన్సర్ తగిలి కాలిన పిక్క, మేకు దిగిన పాదం, బెణికిన చీలమండ, కుక్క కరిచిన కాలు. వీళ్ళంతా నడుచుకుంటూ వస్తారు. లారీ గుద్దిన కేసో, పురుగుమందు తాగిన కేసో వస్తే వీళ్ళు వెనక్కి జరగాలి, న్యాయమే. కానీ జరిగి ఎక్కడ కూర్చోవాలి? చేతికి తువ్వాలు చుట్టుకుని, గోడకు ఆనుకుని గంటలకొద్దీ నిలబడేవాళ్ళు.

ఓపీ బ్లాకు పక్కన రెండు గదులు, ఒక వరండా ఖాళీ అయినప్పుడు, చిన్న గాయాలకు వేరే విభాగం పెడదామన్నారు. మొదటి ప్లానులో ఇంజనీరుగారు ఆరు మంచాలు గీశారు. నేనూ మంచాలే అడిగాను. ఆ కాగితం ముందు పెట్టుకుని మర్నాడు ఓపీలో కూర్చుంటే, వచ్చినవాళ్ళలో ఒక్కరికి కూడా ముందు కావలసింది మంచం కాదని తెలిసింది. ముందు కావలసింది నీళ్ళు. గాయం కడగాలి. మట్టి, పేడ, పసుపు, కాఫీపొడి, టూత్‌పేస్టు అన్నీ పోతేనే కింద ఏముందో కనపడుతుంది. అందుకే ఇలాంటి విభాగం కట్టబోయే డాక్టర్లకు, నర్సులకు, చిన్న నర్సింగ్ హోమ్ యజమానులకు నేను చెప్పేది ఒకటే: కుళాయి ఎక్కడో ముందు గుర్తు పెట్టండి, మిగతావన్నీ దాని చుట్టూ రానివ్వండి.

రిజిస్టరు చదవకుండా పెన్సిలు పట్టకండి

కాజువాలిటీ రిజిస్టరు ఏడాదిది తీసి చూడండి. ఒక నెలది చాలదు, ఎందుకంటే మన దగ్గర గాయాలకూ రుతువులున్నాయి. కోతలప్పుడు ఎడమచేతి వేళ్ళు తెగుతాయి, దుబ్బు పట్టుకునేది ఆ చెయ్యే కాబట్టి. దీపావళికి అరచేతులు, కళ్ళు. వానాకాలంలో జారిపడ్డ మణికట్లు. సంక్రాంతి మూడు రోజులూ మా వైపు కోడికత్తి గాయాలు. బరిలో పందెం కోడి కాలికి కట్టిన కత్తి అది. పట్టుకున్నవాడి ముంజేతికో, పక్కన నిలబడ్డవాడి తొడకో దిగుతుంది. చర్మం మీద అంగుళం గాటే ఉంటుంది, లోపల వేలిని కదిలించే నరం (స్నాయువు) తెగి ఉంటుంది. చిన్న గాయమని కుట్టేసి పంపితే, కుట్లు విప్పే రోజుకు వేలు మడత పడదు. ప్రతి వేలూ విడివిడిగా మడిచి చాచమని చూశాకే కుట్టే దారం చేతిలోకి తీసుకోవాలని మా దగ్గర నియమం.

రిజిస్టరులో గాయం పేరుతో పాటు వచ్చిన టైము కూడా చూడండి. మా దగ్గర సాయంత్రం అయిదు నుంచి రాత్రి తొమ్మిది వరకు తాకిడి ఎక్కువ. పొలం నుంచి, పని నుంచి, బడి నుంచి ఇంటికొచ్చాక బయలుదేరతారు. ఓపీ వేళల్లో తెరిచి మధ్యాహ్నం మూసే విభాగం కట్టుకుంటే ఆ గదులు ఎవరికీ పనికిరావు.

ఎవరిని తీసుకోరో కూడా అప్పుడే రాసి పెట్టుకోండి. తలకు దెబ్బ తగిలి వాంతి అయినవాళ్ళు, స్పృహ తప్పినవాళ్ళు, ఎముక బయటికి కనిపిస్తున్నవాళ్ళు, గాయం కింద వేళ్ళు చల్లబడినవాళ్ళు, పడిపోయిన గర్భిణులు, మొహం మీద కాలినవాళ్ళు నేరుగా కాజువాలిటీకే వెళ్ళాలి. అందుకే ఈ విభాగం ఎక్కడో వెనక బ్లాకులో ఉండకూడదు. కాజువాలిటీకి, దీనికి మధ్య ఒక తలుపు ఉండాలి. స్ట్రెచరు అడ్డం తిరగకుండా పట్టాలంటే ఆ తలుపు కనీసం నాలుగడుగుల వెడల్పు ఉండాలి. దానికి ఎప్పుడూ తాళం వేయకూడదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన జనం పాము కరిచిందనరు. 'పురుగు ముట్టింది' అంటారు, లేదా 'రాత్రి ఏదో కుట్టినట్టుందమ్మా' అంటారు. కట్లపాము కాటు నేల మీద పడుకున్నవాళ్ళకు నిద్రలోనే పడుతుంది. గాటు సరిగా కనపడదు, నొప్పీ పెద్దగా ఉండదు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలిపోతాయి. ఆ మాట విన్న నర్సు ఆ మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టకూడదు. ఆ తలుపు గుండా చెయ్యి పట్టుకుని కాజువాలిటీలో అప్పగించి రావాలి.

గుమ్మం, మొదటి కుర్చీ

ఆటో గుమ్మం దాకా రావాలి. నేల రెండడుగుల ఎత్తున ఉంటే ర్యాంపు ఇరవై నాలుగు అడుగులు పొడవుండాలి, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగులు. చోటు లేదని దాన్ని పన్నెండు అడుగుల్లో ముగించేస్తారు. అప్పుడు చీలమండ బెణికిన మనిషి దాన్ని చూసి మెట్లే ఎక్కుతాడు. ర్యాంపు వంచి మలుపు తిప్పినా ఫరవాలేదు, వాలు మాత్రం తగ్గించి తీరాలి. రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీ పెట్టండి, ఏ చేతికి దెబ్బ తగిలిందో మనకు తెలియదు కదా.

'చెప్పులు బయట విడువుము' అన్న బోర్డు ఇక్కడ తీసేయండి. కాలికి గాయమైనవాడు ఇంకొకరి రక్తం చుక్కల మీద ఒట్టి కాళ్ళతో నడవాల్సి వస్తుంది. నేల మురికైతే తుడుచుకుంటాం. గచ్చు గరుకుగా ఉండే టైలు వేయించండి, నున్నటి గ్రానైటు వద్దు.

లోపలికి రాగానే మొదటి మనిషి నర్సు అయి ఉండాలి, చీటీ రాసే గుమాస్తా కాదు. నేను పనిచేసిన ఒకచోట ఓపీ చీటీ కౌంటరు ఇంకో బ్లాకులో ఉండేది. వేలు తెగిన మనిషి చెయ్యి పైకెత్తి పట్టుకుని లైనులో నిలబడేవాడు. ఆయన నడిచిన దారంతా చుక్కలు. చీటీ బల్లను నర్సు కుర్చీ పక్కకే తెచ్చుకోండి. ముందు చూడడం, తర్వాత రాయడం. ఆ కుర్చీ ముందు అద్దం గోడ కట్టకండి. కూర్చున్నచోటు నుంచి గుమ్మం, బెంచీ, కడిగే చోటు మూడూ కనిపించాలి. ఇంగ్లండులో మా అక్క కూతురు ఇలాంటి మైనర్ ఇంజురీస్ యూనిట్‌లోనే నర్సు. డాక్టరు ఎదురుగా లేకపోయినా, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులే చూసి, కుట్టి, పంపే పద్ధతి అక్కడ ఉంది. మన నియమాలు వేరు, కుట్టు వేసే ముందు మా డ్యూటీ డాక్టరు చూడాల్సిందే. అయినా వాళ్ళ దగ్గర నుంచి ఒకటి తీసుకున్నాను: బెంచీ మీద కూర్చున్నవాళ్ళను నర్సు మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసి వస్తుంది. దానికోసం బెంచీలను ఒకదాని వెనక ఒకటిగా కాకుండా గోడ పొడవునా వేయించాను.

ఉంగరాలు, గాజులు, మెట్టెలు ఈ కుర్చీ దగ్గరే తీయించండి. వాపు వచ్చాక మెట్టె రాదు. బల్ల సొరుగులో దారం ఉండ, ఉంగరం కత్తిరించే కట్టరు ఉంచండి. దారం ఒక కొస ఉంగరం కిందుగా దూర్చి, రెండో కొసను వేలి మీద గోరు వైపుగా దగ్గర దగ్గరగా చుట్టి, దూర్చిన కొసను లాగుతూ విప్పుకుంటూ పోతే చాలా ఉంగరాలు వచ్చేస్తాయి. పెళ్ళి ఉంగరం కత్తిరిస్తామంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళకు ఈ దారమే ఓదార్పు.

కడిగే చోటు

ఇక్కడ తొందరపడకండి. డబ్బు తక్కువైతే ఇంకెక్కడైనా తగ్గించుకోండి.

రెండు ఎత్తుల్లో కట్టించుకోవాలి. చేతులకు నడుము ఎత్తున వెడల్పాటి లోతు సింకు. మోచేత్తో తిప్పే పొడవాటి పిడి ఉన్న కుళాయి పెట్టించండి. కాళ్ళకు విడిగా ఒక అరుగు. అరుగు మీద కూర్చుంటే కాలు తూము మీదికి రావాలి. కూర్చునే ఎత్తు అడుగున్నర, వెనక ఆనుకోవడానికి గోడ, పక్కన కమ్మీ, చేతికందే హ్యాండ్ షవరు. అరుగు పక్కన తోడు వచ్చినవాళ్ళకు ఒక స్టూలు. కింద జాలీ తూముకు వాలు బాగా ఇవ్వండి, నీళ్ళు నిలిచాయంటే ఇంకొకరు జారిపడతారు. సిబ్బంది చేతులు కడుక్కునే సింకు దీనికి దూరంగా, వేరేగా ఉండాలి.

ఎదురు గోడకు పెద్ద అంకెల గడియారం, సెకన్ల ముల్లు ఉన్నది. కుక్క కాటును సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. కాలిన చోట 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పారాలి. గడియారం లేకపోతే రెండు నిమిషాలు కాగానే 'అయిపోయింది సిస్టరమ్మా' అంటారు, మనమూ సరే అనేస్తాం. ఆ గడియారం పెట్టాక మా ఎఫ్ఎన్ఓ (నర్సులకు సాయం చేసే ఆడమనిషి) 'పెద్ద ముల్లు మూడు దగ్గరికొచ్చేదాకా కాలు తీయకు నాయనా' అని చెప్పడం మొదలుపెట్టింది. చదువు రానివాళ్ళు కూడా ముల్లు చూస్తూ కూర్చునేవాళ్ళు.

నీళ్ళ లెక్క వేయండి. కుళాయి కింద 15 లీటర్ల బకెట్టు పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడండి. మూడు నిమిషాల్లో నిండితే నిమిషానికి 5 లీటర్లు. ఒక కాలిన గాయానికి 100 లీటర్లు, ఒక కుక్క కాటుకు 75. సాయంత్రం కరెంటు పోయి మోటారు ఆగిన రెండు గంటల్లో నలుగురు వస్తే? అందుకని ఈ విభాగానికే విడిగా 1000 లీటర్ల ట్యాంకు అడిగి పెట్టించుకున్నాం. అది మేడ మీద ఎండలో పెడితే ఏప్రిల్ మధ్యాహ్నం కుళాయిలోంచి చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళు వస్తాయి. కాలిన పిల్లాడి చేతి మీద ఆ నీళ్ళు పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ట్యాంకును మెట్ల కింద నీడలోనో, పైన రేకు కప్పు వేసిన చోటో పెట్టించండి. మాకు మెట్ల పక్కన ఎత్తయిన దిమ్మ కట్టి, ఉత్తరం గోడ నీడన పెట్టారు.

మా ముందు తరం నర్సులు గాయానికి స్పిరిట్ పోసేవాళ్ళు. లోపలి కండకు అది మేలు చేయదు, మంట మాత్రం పెడుతుంది. శుభ్రమైన నీళ్ళు, తర్వాత సెలైను. 20 ఎంఎల్ సిరంజితో సెలైను గట్టిగా కొడితే ఇసుక రేణువులు లేచి వస్తాయి. ఆ సిరంజిలు సింకు పక్క అల్మరాలోనే ఉండాలి.

కుట్టే చోటు

ఆరు మంచాలు మూడయ్యాయి. మిగిలిన చోటులో నాలుగు కుర్చీలు వేశాం, చేతులు ఆనించడానికి వెడల్పాటి పలకలున్నవి. కట్లు మార్చడం, క్రేప్ బ్యాండేజీ చుట్టడం, టీడీ సూది వేయడం వీటి మీదే అయిపోతాయి. టీడీ అంటే మనం ఇప్పటికీ టీటీ అని పిలుచుకునే ధనుర్వాతం సూది బదులు వచ్చింది. కుట్లు మాత్రం పడుకోబెట్టే వేయాలి, ఎంత బలశాలి అయినా. సూది చూసి కళ్ళు తిరిగి పడి, చిన్న గాయంతో వచ్చి తలకు పెద్ద గాయంతో కాజువాలిటీకి పోయిన మనిషిని నేను చూశాను.

మంచం మూడు వైపులా తిరగడానికి చోటుండాలి. దీపం నెత్తి మీద ఒక్కటే ఉంటే కుట్టేవాళ్ళ తల నీడ గాయం మీద పడుతుంది. కదిలే చెయ్యి ఉన్న దీపాన్ని ఎదుటి భుజం వైపు నుంచి పడేలా బిగించండి. నర్సుకు చక్రాల స్టూలు ఉండాలి. సూదులు వేసే తెల్ల డబ్బా చేతికి మూరెడు దూరంలో ఉండాలి, గది అవతల కాదు. నడిచి వెళ్ళి పడేయాల్సిన సూదే మన వేలికి గుచ్చుకుంటుంది. పసుపు, ఎరుపు, నీలం బుట్టలు ప్రతి రెండు మంచాల మధ్య ఒక సెట్టు.

ఒక సాయంత్రం ఏడేళ్ళ పిల్లాడిని తీసుకొచ్చారు. తండ్రి సైకిలు వెనక కూర్చుని చువ్వల్లో కాలు పెట్టేశాడు. మడమ వెనక చర్మం లేచిపోయి వేలాడుతోంది. అప్పటికి మా దగ్గర పిల్లలను ఎత్తయిన మంచం మీద పడుకోబెట్టి, ఎంఎన్ఓ (మగ సహాయకుడు) చేతులు పట్టుకుని, తల్లిని బయటికి పంపే అలవాటు ఉండేది. వాడు తల్లి కొంగు వదలలేదు. కొంగు చిరిగేలా ఉంది. డాక్టరమ్మగారు 'అమ్మనే కూర్చోనివ్వండి' అన్నారు. తల్లి గోడవైపు కుర్చీలో కూర్చుంది, పిల్లాడు ఆమె ఒళ్ళో అటు తిరిగి మెడ చుట్టూ చేతులేశాడు, కాలు మా మీదికి చాచి పెట్టాం. తిమ్మిరెక్కించే మందు లిగ్నోకైను ఎక్కించేటప్పుడు ఒక్క అరుపు అరిచాడు, ఆ తర్వాత 'అమ్మా, కొబ్బరి లౌజు కొంటావా' అని అడగడం మొదలుపెట్టాడు. 'ఆయ్, కొంటాను నాన్నా, కదలకు' అంటూనే ఉందావిడ. కుట్లు పూర్తయ్యాయి. మర్నాడే వడ్రంగిని పిలిచి ఆ కుర్చీ ఎత్తు కొలిపించాను. ఒళ్ళో పిల్లాడితో తల్లి, ఎదురుగా స్టూలు మీద నర్సు, ఇద్దరి మోకాళ్ళూ ఒకే ఎత్తున ఉండాలి. ఒక మంచం తీయించి ఆ చోటంతా దానికే ఇచ్చాను. ప్లానులో దాని పేరు తల్లికుర్చీ.

పాత డ్రెస్సింగులను కొత్త గాయాలతో కలపకండి. షుగరు పుండ్లు, చీము పట్టినవి పొద్దున వేళ, ఇంకో గదిలో, వేరే ట్రాలీతో. గది లేకపోతే కనీసం వేళ మార్చండి, చివర్లో అంతా కడిగించండి.

పిండికట్టు మూల చిన్నదే చాలు. ఒక్క జాగ్రత్త: ప్లాస్టరు కలిపిన నీళ్ళు సింకులో పోస్తే పైపులోనే గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది. బకెట్టులో కలపండి, రాత్రంతా తేరనివ్వండి, పైనీళ్ళు పారబోసి అడుగున పేరుకున్నది చెత్తలో వేయండి.

ఎక్స్‌రే ఎంత దూరం

కొత్తగా ఎక్స్‌రే గది కట్టాలంటే ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి, తొమ్మిదంగుళాల ఇటుక గోడ, సీసం రేకు తొడిగిన తలుపు, ఇలా చాలా ఉంటాయి. ఉన్న ఎక్స్‌రే దగ్గరికే దారి బాగు చేసుకోవడం తేలిక. అదే అంతస్తులో, గడప లేని దారిలో ఉంటే చాలు.

బెణికిన ప్రతి చీలమండకూ ఎక్స్‌రే అక్కర్లేదు. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ప్రచురించిన పద్ధతి ఒకటుంది. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల కొసన గానీ, వెనక అంచున కింది 6 సెంటీమీటర్లలో గానీ నొక్కితే నొప్పి ఉందా? దెబ్బ తగిలినప్పుడూ, ఇక్కడికొచ్చాకా కూడా నాలుగు అడుగులు వేయలేకపోయారా? ఏది అవునన్నా ఎక్స్‌రే తీయాలి. నొప్పి పాదంలో ఉంటే చిటికెనవేలి వైపు, లోపలి వంపు వైపు ఎముకలు కూడా నొక్కి చూడాలి. ఏదీ లేకపోతే కట్టు కట్టి పంపవచ్చు. చిన్నపిల్లలకు, తాగి వచ్చినవాళ్ళకు ఇది నమ్మకూడదు. దీనికోసం నర్సు కుర్చీ ముందు గచ్చు మీద పసుపు రంగుతో నాలుగు అడుగుల గుర్తులు వేయించాం, పక్కన గోడకు కమ్మీ.

తలుపున్న చిన్న గది

ఇది అందరూ ప్లానులోంచి తీసేసే గది. తీయనివ్వకండి.

కుక్క కాటుకు చర్మం చీలి రక్తం వస్తే గాయంలోనే, చుట్టూ రేబిస్‌ను అడ్డుకునే సీరం ఎక్కించాలి. తొడ మీద కాటు పడిన ఆడవాళ్ళకు తెర చాలదు. ఆ కాటుకు వెంటనే కుట్లు వేయరు, అదీ ఓపిగ్గా చెప్పాలి. చర్మంలోకి ఇచ్చే టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు ఉంటుంది. ఆ తేదీలు కార్డు మీద రాసి, వారం పేరు కూడా రాయండి. 'వచ్చే మంగళవారం' అంటే గుర్తుంటుంది. టీకా ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, దానికి ఇన్వర్టరు కావాలి, అందులో మంచినీళ్ళ సీసాలు పెట్టకూడదు.

ఇంకో సంగతి. 'మెట్ల మీద పడ్డానండి' అని వచ్చే ఆడమనిషి ముంజేతుల బయటివైపు కమిలి ఉంటే, పక్కన భర్త నిలబడి అన్నిటికీ తనే జవాబు చెబుతుంటే, ఆమెతో ఒంటరిగా మాట్లాడడానికి ఒక గది ఉండాలి. 'కట్టు లోపల కడతాం, మీరు బయట కూర్చోండి' అని అనగలిగేటట్టు గది ఉండాలి. తెర వెనక ఎవరూ నిజం చెప్పరు. ఎంఎల్సీ (పోలీసు కేసుగా రాసే గాయాల) రిజిస్టరు తాళం వేసే సొరుగులో ఇక్కడే ఉంచాం.

గాయపడినవాణ్ణి రోడ్డు మీద నుంచి తెచ్చినవాళ్ళు 'పోలీసు కేసు మనకెందుకు' అని గుమ్మంలోనే వదిలి పోతారు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షను ప్రకారం వాళ్ళు పేరు చెప్పాల్సిన బలవంతం లేదు, సాయం చేసినందుకు కేసూ ఉండదు. ఇది పెద్ద తెలుగు అక్షరాలతో గుమ్మం బయటే రాయించండి, లోపల కాదు.

సుద్దముక్కతో ఒక పూట

గోడ లేపకముందు నేల మీద సుద్దముక్కతో గీతలు గీసుకోండి. తలుపులు, సింకు, మంచాలు అన్నీ అసలు కొలతల్లో గీయాలి. మేం వాచ్‌మన్ కాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టి, ఒంటికాలితో గుమ్మం నుంచి కడిగే చోటుకి, అక్కడి నుంచి కుర్చీకి, ఎక్స్‌రేకి, మళ్ళీ గుమ్మానికి నడిపించాం. మొదటిసారి ఆయన రెండు చోట్ల వెనక్కి తిరిగి, ఎదురొచ్చే వీల్‌చైరుకు అడ్డం వచ్చాడు. బెంచీ చోటు మార్చాం. తర్వాత ఎఫ్ఎన్ఓను చంకలో దిండుతో, పిల్లను ఎత్తుకున్నట్టు నడిపించాం. తలుపు గడియ ఒంటి చేత్తో రావడం లేదని అప్పుడే తెలిసింది. గడియలు తీసి, తోస్తే తెరుచుకునే తలుపులు పెట్టించాం.

వెళ్ళేవాళ్ళకు ఇచ్చే చీటీ కూడా ప్లానులో భాగమే. మాది అరపేజీ, తెలుగులో, పెద్ద అక్షరాలతో. కుట్లు విప్పే రోజు అందులో రాసేస్తాం: మొహం మీదైతే 5 రోజులకు, తల మీదైతే 7 నుంచి 10, చేతులు కాళ్ళకైతే 10 నుంచి 14. దాని కింద నాలుగు వాక్యాలు. ఎర్రబారి వాపు పెరిగితే రండి. చీము గానీ జ్వరం గానీ వస్తే రండి. కట్టు కింద వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆ గంటే రండి. రాత్రి పది తర్వాత ఈ తలుపు మూసి ఉంటుంది, పక్కనున్న ఎర్ర తలుపు తోయండి, అది కాజువాలిటీ.